ట్రెడిషనల్ ఐఆర్‌ఏ నుంచి రాత్‌కు మార్చిన సొమ్మును రెండు దేశాల రిటర్నుల్లో ఎలా చూపించాలి?

నల్లగండ్ల వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము 2009 నుంచి టెక్సస్‌లో ఉండి, 2023 జూలై 20న హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడ్డాం. నాకు అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు ఉన్నాయి కాబట్టి అక్కడ ఏటా 1040 (ఆదాయపు పన్ను రిటర్న్) వేయక తప్పదు. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాను గనుక ఇక్కడా రిటర్న్ వేస్తున్నాను. వయసు 48.

అక్కడ ఉన్నప్పుడు 2015 నుంచి 2018 వరకు ఏడాదికి 5,500 డాలర్ల చొప్పున, మొత్తం 22,000 డాలర్లు ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో (రిటైర్‌మెంట్ కోసం సొంతంగా తెరుచుకునే ఖాతా, తీసుకునేటప్పుడు పన్ను పడుతుంది) వేశాను. మా ఆదాయం పరిమితి దాటి ఉండటం వల్ల ఆ సొమ్ముకు పన్ను మినహాయింపు రాలేదు, అంటే అది పన్ను కట్టిన తర్వాత వేసిన డబ్బు. తిరిగి వచ్చే ముందు పాత కంపెనీ 401 కె (కంపెనీ ద్వారా నడిచే రిటైర్‌మెంట్ పొదుపు) ఖాతాలో ఉన్నదంతా ఇదే ఐఆర్‌ఏలోకి తెచ్చుకున్నాను. 2025 నవంబరులో ఇందులోంచి 40,000 డాలర్లను రాత్ ఐఆర్‌ఏకు (పన్ను ముందే కట్టి, తర్వాత నిబంధనల ప్రకారం తీసుకుంటే పన్ను లేని ఖాతా) మార్చాను. డిసెంబరు 31 నాటికి ట్రెడిషనల్ ఖాతాలో 1,80,000 డాలర్లు మిగిలాయి.

ఇప్పుడు ఖాతా నుంచి తీసిన సొమ్ము వివరాలు చూపే 1099-ఆర్ ఫారం ఆ సంస్థ నుంచి వచ్చింది. అందులో 1వ గడిలో 40,000, 2ఎ గడిలోనూ అదే 40,000 ఉన్నాయి. 2బి గడిలో, పన్ను పడే మొత్తం నిర్ణయించలేదన్న చోట టిక్కు పెట్టి ఉంది. 7వ గడిలో కోడ్ 2 ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఫారం ఎక్కించగానే 40,000 డాలర్లూ పన్ను పడే ఆదాయంగా చూపిస్తోంది. 22,000కు నేను ఇదివరకే పన్ను కట్టాను కాబట్టి 18,000 మీదే పన్ను పడాలని నా ఆలోచన. అది సరైనదేనా? 2015, 2016, 2017 రిటర్నులకు, మినహాయింపు లేకుండా వేసిన సొమ్మును నమోదు చేసే 8606 ఫారం జత చేసి ఉంది కానీ, 2018లో మా రిటర్న్ తయారు చేసిన సంస్థ ఆ ఫారం పెట్టలేదని ఇప్పుడు పాత కాగితాలు తిరగేస్తే తెలిసింది.

ఇక ఇక్కడి రిటర్న్ సంగతి. ఒక ఆడిటరు గారిని అడిగితే, రిటైర్‌మెంట్ ఖాతా కాబట్టి అసలు చూపించనక్కరలేదన్నారు. మరొకరు 40,000 డాలర్లనూ రూపాయల్లోకి మార్చి ఇతర ఆదాయంగా చూపించాలన్నారు. ఈ రెండింటిలో ఏది నమ్మాలో తెలియడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.


కొండాపూర్ శ్రీలక్ష్మి

నమస్కారమండీ. నేను న్యూజెర్సీలో ఉండగా ఎన్‌రోల్డ్ ఏజెంటు (అమెరికా పన్ను శాఖ గుర్తించే పన్ను నిపుణులు) పరీక్ష పాసై, ఇప్పుడు ఇక్కడి నుంచే అమెరికా రిటర్నుల పని చేస్తున్నాను. అమెరికా వైపు సంగతులు చెబుతాను. ఇక్కడి చట్టం గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ చర్చలో ఉన్నారు.

మీరు అనుకుంటున్న 18,000 సరైన సంఖ్య కాదు, సాఫ్ట్‌వేర్ చూపిస్తున్న 40,000 కూడా సరైనది కాదు. మీ ఖాతా ఉన్న సంస్థకు మీరు ఏయే సంవత్సరాల్లో మినహాయింపు తీసుకున్నారో, ఏయే సంవత్సరాల్లో తీసుకోలేదో తెలియదు. అందుకే వాళ్లు మొత్తం సొమ్మునే 2ఎ గడిలో వేసి, 2బి గడిలో టిక్కు పెట్టి ఊరుకుంటారు. ఆ లెక్క తేల్చవలసిన బాధ్యత మీది, అది తేలేది 8606 ఫారంలో. చాలామంది ఈ టిక్కును గమనించకుండా 2ఎ గడిలోని సంఖ్యనే రిటర్న్‌లో వేసేసి, ఒకసారి పన్ను కట్టిన డబ్బుకే మళ్లీ కడుతున్నారు. ఇది చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే అది వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి దాచుకున్న సొమ్ము.

అయితే మార్చినదాంట్లో పన్ను కట్టిన డబ్బే ముందు వెళ్లిందని మనం అనుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మీ పేరు మీద ఉన్న ట్రెడిషనల్ ఐఆర్‌ఏలను, యజమాని ద్వారా తెరిచే సెప్, సింపుల్ ఐఆర్‌ఏలను అన్నిటినీ కలిపి ఒకే ఖాతాగా లెక్కిస్తారు. పాలలో నీళ్లు కలిసిన తర్వాత ఏ గరిటెతో ముంచినా రెండూ అదే పాళ్లలో వచ్చినట్టు, మీరు ఎంత మార్చినా అందులో పన్ను కట్టిన భాగం మొత్తం ఖాతాలో ఉన్న నిష్పత్తిలోనే ఉంటుంది. దీన్నే ప్రోరేటా నియమం అంటారు.

మీ సంఖ్యలతోనే ఫారం నింపి చూద్దాం. మీరు 2025లో కొత్తగా ఏమీ వేయలేదు కాబట్టి 1వ వరుస సున్నా. 2వ వరుసలో పాత బేసిస్, అంటే ఇదివరకే పన్ను కట్టి వేసిన సొమ్ము, 22,000. 6వ వరుసలో డిసెంబరు 31 నాటి విలువ 1,80,000. 8వ వరుసలో రాత్‌కు మార్చిన 40,000. ఈ రెండూ కలిపితే 9వ వరుసలో 2,20,000 వస్తుంది. 22,000ను 2,20,000తో భాగిస్తే 0.100, అది 10వ వరుస. 40,000ను దానితో గుణిస్తే 4,000, అది 11వ వరుస. మార్చిన సొమ్ములో పన్ను పడని భాగం అంతే. ఫారం రెండో భాగంలో 16వ వరుసలో 40,000, 17వ వరుసలో 4,000, 18వ వరుసలో 36,000 వస్తాయి. 1040లో 4ఎ వరుసలో 40,000, 4బి వరుసలో 36,000 రాయాలి. మిగిలిన 18,000 బేసిస్ ఎక్కడికీ పోదు. అది 14వ వరుసలో నిలిచి, మీరు తర్వాత మార్చినప్పుడో తీసుకున్నప్పుడో మళ్లీ 2వ వరుసలోకి వస్తుంది. అందుకే ఈ ఫారం ప్రతిని 1040తో పాటు శాశ్వతంగా దాచుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో 1099-ఆర్ ఎక్కించిన తర్వాత, ఈ సొమ్ము రాత్‌కు మారిందా అని, ఇంతకుముందు మినహాయింపు తీసుకోకుండా వేసిన డబ్బు ఉందా అని, డిసెంబరు 31 నాటి విలువ ఎంత అని వేర్వేరు చోట్ల అడుగుతుంది. వీటికి జవాబు చెప్పేదాకా అది 40,000 చూపిస్తూనే ఉంటుంది. జవాబులిచ్చిన తర్వాత 8606 ముద్రించి, నేను పైన రాసిన వరుసలతో సరిపోల్చుకోండి. మే నెలలో మీకు 5498 అనే ఫారం కూడా వస్తుంది. అందులో 3వ గడిలో మార్చిన 40,000 ఉండాలి. దాన్ని రిటర్న్‌తో పంపనక్కరలేదు, సరిచూసుకోవడానికి మాత్రమే.

2018 సంగతికి వస్తే, మీ చివరి 8606, అంటే 2017ది, 14వ వరుసలో 16,500 చూపిస్తూ ఉండాలి. మీరు 2025లో 2వ వరుసలో 22,000 వేస్తే ఆ రెండింటికీ పొంతన ఉండదు. కాబట్టి 2018 సంవత్సరపు 8606ను ఇప్పుడు విడిగా నింపి, సంతకం చేసి, ఆ ఏడాది 5,500 డాలర్లు వేసినట్టు చూపే స్టేట్‌మెంటు ప్రతిని, ఫారం ఎందుకు ఆలస్యమైందో వివరించే చిన్న ఉత్తరాన్ని జత చేసి పంపండి. ఆ ఏడాది మినహాయింపు తీసుకోలేదని మీ 2018 రిటర్న్ చూసి ముందు నిర్ధారించుకోవడం మరిచిపోవద్దు. ఫారం దాఖలు చేయనందుకు జరిమానా 50 డాలర్లు. సహేతుకమైన కారణం చూపగలిగితే అదీ ఉండదు. 5,500 డాలర్ల బేసిస్ పోగొట్టుకోవడంతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

మరికొన్ని విషయాలు. కన్వర్షన్ (ఇలా రాత్‌కు మార్చడం) మీద, ముందుగా తీసుకున్నందుకు వేసే పది శాతం అదనపు పన్ను ఉండదు. అయితే ఆ 36,000 మీకు 59 ఏళ్ల ఆరు నెలలు నిండకముందే, 2025 జనవరి 1 నుంచి లెక్కించే ఐదేళ్ల గడువు లోపల బయటికి తీస్తే అది పడుతుంది. హైదరాబాద్ జీతానికి మీరు 2555 ఫారంతో విదేశీ సంపాదన మినహాయింపు తీసుకుంటున్నట్లయితే, కన్వర్షన్ సొమ్ముకు అది వర్తించదు, ఎందుకంటే ఇది కష్టార్జితంగా లెక్కకు రాదు. పైగా మినహాయించిన జీతం అడుగున ఉన్నట్టే భావించి, దాని పైనుంచి ఈ 36,000కు శ్లాబు రేటు వేస్తారు. కాబట్టి అడుగు శ్లాబులోనే పోతుందని అనుకోవద్దు. విదేశాల్లో ఉన్నవారికి రిటర్న్ వేయడానికి జూన్ 15 వరకు గడువు ఉన్నా, కట్టవలసిన పన్ను మీద వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే మొదలవుతుంది. సొమ్ము ముందే కట్టేయడం మేలు. ఇంకొక మాట: 2018 నుంచి కన్వర్షన్‌ను వెనక్కి తిప్పే వీలు లేదు. జరిగింది జరిగినట్టే చూపించాలి.


మియాపూర్ అనూష

శ్రీలక్ష్మి గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా వారు ఇంకా డాలస్‌లోనే ఉన్నారు, మేమిద్దరం ఉమ్మడిగానే రిటర్న్ వేస్తాం. నాకు ట్రెడిషనల్ ఐఆర్‌ఏ ఉంది. ఆయనకు ఐఆర్‌ఏ ఏమీ లేదు గానీ పాత కంపెనీ 401 కె నుంచి కొంత సొమ్మును నేరుగా రాత్ ఐఆర్‌ఏకు మార్చుకున్నారు. ఆయన లెక్కలో నా ఐఆర్‌ఏ కూడా కలుస్తుందా?


కొండాపూర్ శ్రీలక్ష్మి

కలవదండీ. రిటర్న్ ఉమ్మడిగా వేసినా ఐఆర్‌ఏ ఎవరిది వారిదే, 8606 కూడా ఎవరిది వారికి విడిగా ఉంటుంది. పైగా 401 కె నుంచి నేరుగా రాత్‌కు వెళ్లిన సొమ్ము 8606లోకే రాదు. దానికి వచ్చే 1099-ఆర్‌లో 7వ గడిలో జి అనే కోడ్ ఉంటుంది, అది 1040లో 5ఎ, 5బి వరుసల్లోకి వెళ్తుంది. జి కోడ్ కనిపించగానే పన్ను లేదనుకునేవారు ఉన్నారు, అది పొరపాటు. 2ఎ గడిలో ఎంత ఉందో చూడండి, 5బిలోకి రావలసింది అదే.

ఈ సందర్భంలో నల్లగండ్ల వాసి గారికి ఒక మాట. 401 కెలో ఉన్న సొమ్ము ప్రోరేటా లెక్కలోకి రాదు. మీరు దాన్ని ఐఆర్‌ఏలోకి తేకుండా పాత కంపెనీలోనే ఉంచి ఉంటే, లెక్క చాలా వేరుగా ఉండేది. 2025 విషయంలో డిసెంబరు 31 దాటిపోయింది కాబట్టి ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. తిరిగి రావాలనుకుంటున్న మిగతావారు మాత్రం సొమ్ము కదిపే ముందే దీని గురించి ఆలోచించుకోవాలి.


హిమాయత్‌నగర్ సీఏ

నల్లగండ్ల వాసి గారికి ఇద్దరు ఆడిటర్లు చెప్పిన రెండు మాటలూ ఒక ప్రశ్న అడగకుండానే చెప్పినవి. మీరు 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఏ రకం నివాసి అన్నదే ఆ ప్రశ్న. నవంబరులో జరిగిన కన్వర్షన్ అమెరికాకు 2025 క్యాలెండరు సంవత్సరంలోనూ, మనకు 2025-26 ఆర్థిక సంవత్సరంలోనూ వస్తుంది. ఆ సంవత్సరంలో మీరు రెసిడెంటే, అందులో సందేహం లేదు. అయితే పూర్తి రెసిడెంటా, లేక ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్) అనే మధ్యస్థ హోదాలో ఉన్నారా అన్నది తేలాలి.

దీనికి ఆదాయపు పన్ను చట్టంలోని 6వ సెక్షన్, 6వ ఉపసెక్షన్ రెండు మార్గాలు ఇస్తుంది. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంటుగా ఉండాలి, లేదా అంతకుముందు ఏడేళ్లలో మొత్తం 729 రోజులకు మించి భారత్‌లో ఉండి ఉండకూడదు. రెండింటిలో ఏ ఒక్కటి నెగ్గినా చాలు. మొదటిది 2023-24, 2024-25 సంవత్సరాలకు మీకు సరిపోయింది. 2025-26కు వచ్చేసరికి పదేళ్లలో ఎనిమిదేళ్లే నాన్ రెసిడెంటు కాబట్టి సరిపోదు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి రెండేళ్ల వెసులుబాటు అయిపోయిందనుకుంటారు. రెండో మార్గం కూడా చూడాలి.

మీరు 2023 జూలై 20న దిగారు. ఆ రోజుతో సహా 2024 మార్చి 31 వరకు 256 రోజులు. 2024-25లో ఎక్కడికీ వెళ్లలేదనుకుంటే 365 రోజులు. మొత్తం 621. కాబట్టి 2018-19 నుంచి 2022-23 వరకు ఐదేళ్లలో మీరు సెలవులకు వచ్చి ఇక్కడ గడిపిన రోజులు 108కి మించకపోతే, 2025-26లో కూడా మీరు ఆర్‌ఎన్‌ఓఆరే. పాస్‌పోర్టు తీసి, శంషాబాద్‌లో వేసిన రాకపోకల ముద్రలను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకోండి. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలో వేసుకోండి, అదే క్షేమం. పాత పాస్‌పోర్టు మారి ఉంటే దాన్నీ వెతకండి.

లెక్క 729 లోపల వస్తే, విదేశంలో వచ్చిన ఈ ఆదాయానికి ఇక్కడ పన్ను లేదు, విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపవలసిన అవసరమూ ఆ ఏడాదికి లేదు. రిటర్న్‌లో నివాస హోదా దగ్గర మాత్రం ఆర్‌ఎన్‌ఓఆర్ అనే దాన్నే ఎంచుకోవాలి. అక్కడ పొరపాటున మామూలు రెసిడెంటు అని టిక్కు పెట్టి, షెడ్యూల్ ఎఫ్‌ఏ ఖాళీగా వదిలేస్తే లేనిపోని నోటీసులు కొని తెచ్చుకున్నట్టే.

729 దాటితే వ్యవహారం మారుతుంది. 2021 ఫైనాన్స్ చట్టం 89ఎ అనే సెక్షన్‌ను తెచ్చింది. అమెరికా, బ్రిటన్, కెనడాల్లోని రిటైర్‌మెంట్ ఖాతాల్లో ఏటా పెరిగే ఆదాయానికి ఏటా ఇక్కడ పన్ను కట్టకుండా, అక్కడ తీసుకునేటప్పుడు పన్ను పడిన సంవత్సరంలోనే ఇక్కడా కట్టే వీలు ఇది కల్పిస్తుంది. ఇందుకోసం రిటర్న్ గడువు లోపల 10-ఈఈ ఫారం దాఖలు చేయాలి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇందులో మేలు చేసే అంశం ఒకటి ఉంది. 21ఎఎఎ నియమం ప్రకారం, మీరు నాన్ రెసిడెంటుగానో ఆర్‌ఎన్‌ఓఆర్‌గానో ఉన్న సంవత్సరాల్లో ఆ ఖాతాలో పెరిగిన ఆదాయం ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ భాగం మీద అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ (ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునే వీలు) కూడా రాదు. అందువల్ల 40,000 మొత్తాన్నీ రూపాయల్లోకి మార్చి చూపించాలన్న రెండో ఆడిటరు గారి మాట, మీరు పూర్తి రెసిడెంటు అయినా నిలవదు. మీరు వేసిన అసలు సొమ్ము ఆదాయం కాదు, హైదరాబాద్‌కు రాకముందు పెరిగినదీ ఇక్కడి ఆదాయం కాదు.

ఇక అసలు జాగ్రత్త పడవలసిన చోటు రాత్. 89ఎ సెక్షన్ వర్తించే ఖాతాకు చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఆ ఖాతాలోని ఆదాయానికి ఆ దేశంలో ఏటా పన్ను పడకూడదు, తీసుకునేటప్పుడు పన్ను పడాలి. రాత్ నుంచి నిబంధనల ప్రకారం తీసుకుంటే అమెరికాలో పన్నే లేదు. అలాంటప్పుడు రాత్ ఈ నిర్వచనంలో ఇమడదని నా అభిప్రాయం. ఇముడుతుందని వాదించేవారు ఉన్నారు కానీ, నా క్లయింటు భారాన్ని ఆ వాదన మీద పెట్టే ధైర్యం నేను చేయను. అంటే ట్రెడిషనల్‌లో ఉన్నంతకాలం 89ఎ నీడలో ఉండే సొమ్ము, రాత్‌కు మారగానే ఆ నీడ దాటి బయటికి వస్తుంది. మీరు పూర్తి రెసిడెంటు అయిన సంవత్సరం నుంచి ఆ రాత్ ఖాతాలో వచ్చే డివిడెండ్లు, వడ్డీ, లోపల జరిపే అమ్మకాల లాభాలు ఏటా ఇక్కడి రిటర్న్‌లో చూపించవలసి ఉంటుంది. అక్కడ పన్ను లేదు కాబట్టి తీసుకోవడానికి క్రెడిట్ కూడా ఉండదు. అమెరికాలో ఉన్నవారికి రాత్ మంచిదని చెప్పే సలహాలను హైదరాబాద్‌లో ఉంటున్నవారు యథాతథంగా పాటిస్తే ఈ ఇబ్బంది వస్తుంది.


నల్లగండ్ల వాసి

ఇద్దరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. పాస్‌పోర్టు ముద్రలు చూసి రాసుకున్నాను. కరోనా వల్ల రెండేళ్లు అసలు రాలేదు, మిగతా ప్రయాణాలన్నీ కలిపి ఐదేళ్లలో 83 రోజులు తేలాయి. 2024-25లో దేశం దాటలేదు. మొత్తం 704. అంటే 2025-26లోనూ ఆర్‌ఎన్‌ఓఆరే కదా. అయితే వచ్చే ఏడాది సంగతి ఏమిటి? మిగిలిన 1,80,000లో ఇంకొంత ఈ మార్చి 31 లోపలే రాత్‌కు మార్చేయమంటారా?


హిమాయత్‌నగర్ సీఏ

అవునండీ, 704తో మీరు ఈ ఏడాది ఆర్‌ఎన్‌ఓఆరే. ఆ లెక్క కాగితాన్ని, పాస్‌పోర్టు పేజీల నకళ్లను ఈ ఏడాది రిటర్న్ ఫైలులో ఉంచండి. 2026-27లో మాత్రం రెండు మార్గాలూ మూసుకుపోతాయి, మీరు పూర్తి రెసిడెంటు అవుతారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తున్నందువల్ల సెక్షన్ల సంఖ్యలు మారతాయి గానీ, రిటైర్‌మెంట్ ఖాతాల వెసులుబాటు అందులోనూ కొనసాగుతోంది. ఈ 2025-26 సంవత్సరపు రిటర్న్‌కు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది.

మిగిలినదాన్ని తొందరపడి మార్చమని నేను చెప్పను. ఈ నెలలో మార్చితే ఇక్కడ పన్ను పడదు, నిజమే. కానీ అమెరికాలో అది 2026 ఆదాయంగా పన్ను పడుతుంది, పైగా మార్చినంత సొమ్మూ ఇక మీదట 89ఎ పరిధి దాటి, ఏటా పన్ను పడే చోటికి చేరుతుంది. మీరు పదిహేను, ఇరవై ఏళ్లు హైదరాబాద్‌లోనే ఉండబోతున్నట్లయితే ట్రెడిషనల్‌లో ఉంచడమే మేలని నాకు అనిపిస్తోంది. పిల్లల చదువుల కోసం రెండు మూడేళ్లలో మళ్లీ అక్కడికి వెళ్లే ఆలోచన ఉంటే లెక్క వేరు. ఆ నిర్ణయం మీ ఇంట్లో కూర్చుని తీసుకోవలసినది.

మార్చినా మార్చకపోయినా, 2026 మార్చి 31 నాటికి రెండు ఖాతాల్లోనూ ఎంత విలువ ఉందో చూపే స్టేట్‌మెంట్లను ఏప్రిల్ మొదటి వారంలోనే దింపుకుని దాచండి. ఆ తేదీకి ముందు పెరిగినది ఇక్కడ పన్నుకు రాదని రేపు చెప్పడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే. ఏళ్లు గడిచాక సంస్థలు పాత స్టేట్‌మెంట్లు ఇస్తాయన్న భరోసా లేదు. 2026-27 రిటర్న్‌తో పాటు, గడువు లోపలే, ట్రెడిషనల్ ఖాతాకు వెసులుబాటు కోరే ఫారం వేయాలి. షెడ్యూల్ ఎఫ్‌ఏలో ట్రెడిషనల్, రాత్ ఖాతాలను విడివిడిగా, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరపు విలువలతో చూపించాలి. స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షల రూపాయలు దాటితే, చూపించకపోయినందుకు నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా వేసే అధికారం ఉంది. మీ ఖాతాలు ఆ పరిమితికి చాలా పైన ఉన్నాయి.


కొండాపూర్ శ్రీలక్ష్మి

సీఏ గారు చెప్పిన మార్చి 31 స్టేట్‌మెంట్లతో పాటు, నల్లగండ్ల వాసి గారూ, 2018 నాటి 8606ను ఈ ఏడాది 1040 కంటే ముందే పంపండి. రెండింటినీ ఒకే కవరులో పెట్టవద్దు, వేర్వేరు సంవత్సరాల కాగితాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే ప్రమాదం ఉంది. ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపి, ఆ రసీదును ఫారం ప్రతికి పిన్ను చేసి ఉంచండి. 2025 ఫారంలో 2వ వరుసలోని 22,000 ఎక్కడి నుంచి వచ్చిందని ఎప్పుడైనా అడిగితే, నాలుగు సంవత్సరాల నాలుగు ఫారాలూ వరుసగా చూపించగలగాలి.